చర్చ: 6,000 కోట్లు విదేశీ జర్నల్స్ చందాలకా, మన సొంత జర్నల్స్‌కా?

అనంతపురం లెక్చరర్:
ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున పరిశోధన జర్నల్స్‌కు కేంద్రమే చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్. 6,300కు పైగా ప్రభుత్వ సంస్థల్లోని విద్యార్థులు, అధ్యాపకులు వీటిని చదువుకోవచ్చు. ఇంత డబ్బు ఇలా ఖర్చు చేయడం సరైన దారి కాదని నా వాదన.

మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. నేను పనిచేసేది ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. ధర్మవరం, గుత్తి, తాడిపత్రి ఊళ్ల నుంచి మా దగ్గరికొచ్చే పిల్లలకు ఈ పథకం వచ్చినా రాకపోయినా ఒకటే. పొలం చేసుకునే రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు.

2000లో మన జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చింది గుర్తుందా? రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. పొగాకు స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చిందని, గట్ల మీది వయ్యారిభామ మొక్కల్లో అది దాక్కుంటుందని, ఆ పుప్పొడితో పాటు తామర పురుగుల ద్వారా పైరుకు చేరుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పరిశోధన అచ్చయింది అమెరికా జర్నల్‌లో. పొలం మనది, నష్టం మనది. అలాంటి పేపర్ రేపు ఇంకోటి వస్తే, చదవడానికి మన ఊరివాళ్లు ఎవరి అనుమతి అడగాలి?

పరిశోధనకు జీతం, గ్రాంటు ఇచ్చేది ప్రజలు. రాసిన ప్రొఫెసర్‌కు జర్నల్ పైసా ఇవ్వదు. సమీక్ష చేసినవాళ్లకూ ఇవ్వదు. చివరికి చదవడానికి మళ్లీ ప్రజల డబ్బే కట్టాలి. ఇది మారాలని 2002లోనే బుడాపెస్ట్‌లో ప్రకటన చేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం చందాలే కడుతున్నాం.

కడప పరిశోధక విద్యార్థి:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ చందా దండగ అంటే మాత్రం ఒప్పుకోను. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్లం ఇంతకుముందు ఒక్కో పేపర్ కోసం ఐఐటీలో చదివే స్నేహితులను బతిమాలేవాళ్లం. రాసినవాళ్లకు మెయిల్ పెట్టి వారాలు ఎదురుచూసేవాళ్లం. గైడ్ రేపటికి రివ్యూ తెమ్మంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇప్పుడు యూనివర్సిటీ లాగిన్‌తో చాలావరకు దొరుకుతున్నాయి. ఢిల్లీ, బెంగళూరు వాళ్లకు ముందునుంచే ఉన్నది మాకు ఇప్పుడొచ్చింది. సొంత జర్నల్స్ పెట్టుకుని, వాటికి పేరు వచ్చేదాకా ఆగమంటే నా థీసిస్ ఆగదు కదా.

కర్నూలు లైబ్రేరియన్:
ఇద్దరూ చందా గురించే మాట్లాడుతున్నారు. దారులు ఇంకా ఉన్నాయి, అవి తెలిస్తే వాదన తేటపడుతుంది.

ఒకటి 'గోల్డ్'. పాఠకుడికి ఉచితం, డబ్బు కట్టేది రచయిత. రెండోది 'గ్రీన్'. పేపర్ ఎక్కడ వేసినా, ఆమోదం పొందిన రాతప్రతిని సంస్థ ఆన్‌లైన్ భాండాగారంలో అందరూ ఉచితంగా చదివేలా పెట్టడం. ఫిజిక్స్ వాళ్లు అచ్చుకు ముందే పేపర్లను 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత వెబ్‌సైట్‌లో పెట్టుకుంటున్నారు. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు తమ నిధులతో జరిగిన పరిశోధనను భాండాగారంలో ఉంచాలని 2014లోనే విధానం తెచ్చాయి. అమలు గురించి అడిగేవాళ్లే తక్కువ.

మూడోది 'డైమండ్'. రచయితా కట్టడు, పాఠకుడూ కట్టడు. ఖర్చు విశ్వవిద్యాలయమో, ప్రభుత్వమో, విద్వత్ సంఘమో భరిస్తుంది. బ్రెజిల్‌లో 1998లో మొదలైన సైలో (SciELO) అనే ఆన్‌లైన్ జర్నల్స్ వేదిక ఎక్కువగా ప్రజాధనంతోనే నడుస్తూ లాటిన్ అమెరికా అంతటా పాకింది.

ఇంకొకటి కొత్తది, నాకు బాగా నచ్చినది: 'సబ్‌స్క్రైబ్ టు ఓపెన్'. లైబ్రరీలు ఎప్పటిలాగే చందా కడతాయి. సరిపడా లైబ్రరీలు నిలబడితే ఆ ఏడాది సంచికలు ప్రపంచమంతా ఉచితంగా చదువుకోవచ్చు. నిలబడకపోతే మళ్లీ తాళం. యాన్యువల్ రివ్యూస్ సంస్థ 2023లో తన 51 జర్నల్స్‌నూ ఈ పద్ధతిలోకి తెచ్చింది. 6,000 కోట్లు పెట్టే దేశం ప్రచురణకర్తల ముందు కూర్చున్నప్పుడు ఈ షరతు గట్టిగా అడగాల్సింది. మనం కట్టిన చందాతో అందరికీ తలుపు తెరవండి అని.

కర్నూలు డాక్టర్, మెడికల్ కాలేజీ:
మేడమ్, గోల్డ్ గురించి ఒక్క ముక్కలో దాటేశారు. మమ్మల్ని చంపుతున్నది అదే. ఓపెన్ యాక్సెస్‌కు, అంటే పేపర్‌ను అందరికీ ఉచితంగా ఉంచడానికి, నేచర్ జర్నల్ 2021లో 9,500 యూరోల ఫీజు పెట్టింది. అంత పెద్ద జర్నల్ వదిలేయండి, మామూలు జర్నల్స్‌లో కూడా లక్ష రెండు లక్షలు అడిగేవి ఉన్నాయి. పేద దేశాలకు ఫీజు మాఫీ ఇస్తారు కానీ చాలామంది ప్రచురణకర్తల జాబితాలో భారతదేశం పేరుండదు. జిల్లా ఆసుపత్రిలో రోగుల వివరాలు ఓపికగా సేకరించి రాసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు?

అక్కడే దొంగ జర్నల్స్ దూరుతాయి. "మూడు రోజుల్లో పబ్లికేషన్, ఫీజు 2,500" అని వాట్సాప్‌లో మెసేజ్. సమీక్ష ఉండదు, దిద్దుబాటు ఉండదు. ప్రమోషన్ కోసం జనం కడుతున్నారు. నమ్మదగిన జర్నల్స్ ఏవో చెప్పే కేర్ జాబితాను కూడా యూజీసీ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీదే ఉంది. గేట్స్ ఫౌండేషన్ తన నిధులు తీసుకున్నవాళ్లకు ఈ ఫీజులు కట్టడం 2025 నుంచి ఆపేసింది. అచ్చుకు ముందే ప్రీప్రింట్‌గా పెట్టమంటోంది. అంత డబ్బున్నవాళ్లే వద్దనుకున్న దారిలోకి మనం వెళ్లకూడదు.

అనంతపురం లెక్చరర్:
మేడమ్ చెప్పిన షరతు పెట్టి ఉంటే నాకు చందాతో పేచీ లేదు. తమ్ముడి థీసిస్ ఆగాలని నేను కోరుకోను. నేను అడిగేది, ఆ 6,000 కోట్లలో పదో వంతైనా డైమండ్ జర్నల్స్‌కు ఇవ్వాలని. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు మూడూ కలిసి మెట్ట సేద్యం, ఫ్లోరైడ్ నీళ్లు, గనుల ప్రభావం మీద ఒక మంచి జర్నల్ నడపలేవా? ప్రతి పేపర్‌కూ రైతుకు అర్థమయ్యే తెలుగు సారాంశం ఒక పేజీ ఉండాలి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

కడప పరిశోధక విద్యార్థి:
సాఫ్ట్‌వేర్ ఉచితం అన్నా, మనుషులు కాదు. బ్రౌన్ దొర మా కడపలో తెలుగు తాళపత్రాలను పరిష్కరింపజేయడానికి పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చాడు. ఆ జీతాలు లేకపోతే ఆ ప్రతులు లేవు. మన దగ్గర యూనివర్సిటీ జర్నల్ అంటే ఒక ప్రొఫెసర్ ఉత్సాహం. ఆయన రిటైరైతే మూడో సంచికతో ఆగిపోతుంది. కాపీ ఎడిటర్‌కు, తెలుగు సారాంశం రాసేవాళ్లకు నెల జీతం ఇచ్చే ఉద్యోగాలు ముందు మంజూరు చేయించండి. అప్పుడు నా మొదటి పేపర్ మీ జర్నల్‌కే పంపిస్తా.

కర్నూలు లైబ్రేరియన్:
రెండు పోస్టులతో మొదలుపెట్టొచ్చు. జర్నల్‌కు గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్, ప్రతి పేపర్‌కూ శాశ్వత గుర్తింపు డీఓఐ, ఉచిత జర్నల్స్ జాబితా అయిన డీఓఏజేలో నమోదు, ఈ పనులు మా లైబ్రరీలు చూసుకోగలవు. జర్నల్ కంటే ముందు, ఈ ఏడాదే చేయగలిగినది గ్రీన్. మూడు విశ్వవిద్యాలయాల్లో ఎవరి పేపర్ ఆమోదం పొందినా ఆ రాతప్రతి మా దగ్గర జమ చేయాలని అకడమిక్ కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే చాలు. పీహెచ్‌డీ థీసిస్‌లు వాటి జాతీయ ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగకు పంపడం అలవాటైనట్టే ఇదీ అలవాటవుతుంది.

కర్నూలు డాక్టర్, మెడికల్ కాలేజీ:
గ్రీన్‌కు నా ఓటు, ఈ రోజే. కొత్త జర్నల్ మాటకొస్తే నా ప్రశ్న ఒకటే ఉంది, దానికి జవాబు ఇంకా రాలేదు. ఇండెక్స్ కాని, అంటే పేరున్న డేటాబేస్‌ల జాబితాలో చేరని, జర్నల్‌లో వేసిన పేపర్‌కు ప్రమోషన్ కమిటీ మార్కులు వేయదు. ఇండెక్స్ కావాలంటే కొన్నేళ్లు మంచి పేపర్లు రావాలి. ఆ కొన్నేళ్లు తమ మంచి పేపర్లు ఇచ్చేది ఎవరు? ప్రమోషన్ ఇక అక్కర్లేని సీనియర్ ప్రొఫెసర్లు ముందు ఇవ్వాలని నేనంటాను. ఈ చర్చ చదువుతున్న సీనియర్లు ఎవరైనా ఉంటే, ఇస్తారో ఇవ్వరో ఇక్కడే చెప్పండి.