డబ్బు కరువొస్తే టీమును ముంచేది ఎవరు: అభిమానా, ఓనరా?

బరంపురం అభిమాని (చర్చ మొదలుపెట్టినవారు)
మార్కెట్ పడిపోయిన రోజుల్లో ఆటల టీములు ఎందుకు మునుగుతాయని మా వీధిలో పెద్ద వాదన జరిగింది. జనం టికెట్లు కొనడం మానేస్తారు, అదే కారణం అని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. అభిమాని జేబు ఖాళీ అయినందుకు టీములు పోవు, ఓనరు అప్పులపాలైతే పోతాయి. ఐపీఎల్‌లో అప్పటి హైదరాబాద్ క్రికెట్ టీము డెక్కన్ చార్జర్స్‌నే చూడండి. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో కప్పు కొట్టిన టీము. 2010లోనూ 2012లోనూ కటక్ బారాబటి స్టేడియంలో ఆడితే ఒడిశాలోని తెలుగువాళ్లం రైలెక్కి వెళ్లాం. మేం వెళ్లడం మానేశామనా ఆ టీము పోయింది? ఓనర్ల పత్రిక కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, ఆటగాళ్ల జీతాలు ఆలస్యమయ్యాయి, 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఒప్పందం రద్దు చేసింది. కోర్టు 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ కట్టమంటే అదీ కట్టలేకపోయారు. మధ్యలో మమ్మల్ని అడిగిన నాథుడు లేడు.

గుణుపురం కుర్రాడు
అన్నా, మీరు చెప్పింది సగమే. ఐపీఎల్‌లో టికెట్ డబ్బు చిన్న ముక్క, అసలు డబ్బంతా టీవీదే. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, అందులోంచి టీములకు వాటా వెళ్తుంది. అందుకే 2020లో యూఏఈలో జనం లేకుండానే టోర్నీ నడిచింది. కానీ ఆ టీవీ డబ్బు ఎక్కడ పుడుతుంది? ప్రకటనల్లో. మనం ఫోను, బైకు కొనడం ఆపేస్తే ప్రకటనలు ఆగుతాయి. అదే 2020లో ఏడాదికి 440 కోట్ల దాకా ఇచ్చే చైనా ఫోన్ల కంపెనీ వివో తప్పుకుంటే, టోర్నీకి తమ పేరు తగిలించుకునే టైటిల్ స్పాన్సర్‌షిప్ డ్రీమ్ 11 అనే ఆటల యాప్‌కి 222 కోట్లకే పోయింది. వివో వెళ్లింది చైనాతో సరిహద్దు గొడవ వల్లే, కాదనను. రేటు సగానికి పడటంలో మాత్రం కోవిడ్ మార్కెట్ చెయ్యి ఉంది. అంటే మన జేబు దెబ్బ చుట్టూ తిరిగి టీముకే తగులుతుంది.

రాయగడ రమ్య
ఇద్దరూ పైనున్న డబ్బు గురించే మాట్లాడుతున్నారు. మా అన్నయ్య సూరత్‌లో పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు, గంజాం నుంచి వెళ్లిన వేలమందిలాగే. అక్కడ షిఫ్టులు తగ్గితే ఇంటికొచ్చే డబ్బు తగ్గుతుంది. అమ్మ మొదట కోసేది డిష్ రీఛార్జే. అప్పుడు మా తమ్ముడూ స్నేహితులూ కిరాణా కొట్టు అరుగు మీద స్టీలు గ్లాసుకి ఫోను ఆనించి, ఒకడి డేటాతో నలుగురు మ్యాచ్ చూస్తారు. వాళ్ల అభిమానం ఏమీ తగ్గలేదు, ప్రేక్షకుల లెక్కలో మాత్రం నలుగురూ కలిపి ఒక్కరు. దీనికి తోడు 2025 సెప్టెంబరు నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. వైజాగ్ వెళ్లి మ్యాచ్ చూద్దామనే మాట మా ఇంట్లో ఇక ఎవరూ ఎత్తరు. నష్టపోయేది అభిమానే. టీము పోయినా, ఉన్నా.

పర్లాకిమిడి మాస్టారు
అమ్మా రమ్యా, నీ మాట నిజం. అందుకే నేను సర్కారు వైపు. అంతకుముందు డబ్బిచ్చిన సహారా కంపెనీ తప్పుకున్నాక 2018లో ఒడిశా ప్రభుత్వం భారత హాకీ జట్లకు స్పాన్సర్ అయింది. కోవిడ్‌లోనూ చెయ్యి వదల్లేదు. 2021లో టోక్యోలో 41 ఏళ్ల తర్వాత మగవాళ్ల జట్టు ఒలింపిక్ పతకం తెచ్చింది. లాభనష్టాలు చూసుకునే కంపెనీ అన్నాళ్లు ఓపిక పట్టేదా?

గుణుపురం కుర్రాడు
మాస్టారూ, అది దేశం జట్టు. క్లబ్బుల సంగతి వేరు. మన ఒడిశా క్లబ్బు కళింగ లాన్సర్స్ 2017లో హాకీ ఇండియా లీగ్ గెలిచింది, ఆ వెంటనే లీగే ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 2024 డిసెంబరులో. గెలిచిన టీముకే మరుసటి సీజన్ లేకపోతే సర్కారు ఎన్నిటిని మోస్తుంది? మా ఊళ్లో ఆసుపత్రికి డాక్టరు కావాలని అడుగుతున్నప్పుడు క్లబ్బుకి డబ్బిస్తామంటే నేనే ఒప్పుకోను.

బరంపురం అభిమాని
రమ్య గారి మాటతో నా వాదన ఇంకా గట్టిపడింది. కష్టం మనది, నిర్ణయం వాళ్లది. జర్మనీ ఫుట్‌బాల్‌లో, రెండు మూడు క్లబ్బులు తప్ప, సగానికి మించిన ఓట్లు అభిమానులైన క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది. ఓనరు మునిగినా క్లబ్బును ఎవరికి ఇవ్వాలో సభ్యులు చెప్పగలరు. ఇక్కడ చార్జర్స్ పోయాక హైదరాబాద్ టీమును సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు దక్కించుకుంది. పేరు మారింది, రంగు మారింది. మేం టీవీలోనే తెలుసుకున్నాం.

రాయగడ రమ్య
సభ్యత్వానికి కూడా డబ్బు కట్టాలి కదా అన్నయ్యా. సూరత్‌లో మగ్గం ఆగిన నెల మా అన్నయ్య ఆ చందా ఎలా కడతాడో చెప్పండి, అప్పుడు మీ వైపు వస్తాను.