ఇల్లెందు పాత ఎన్నికల్లో ఊరివారీ ఓట్లు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. గుమ్మడి నర్సయ్య గారి ఎన్నికల ప్రయాణం మొత్తం ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను, ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఇల్లెందు నుంచి 1983, 1985, 1989లో వరసగా మూడుసార్లు గెలిచి, 1994లో ఓడి, మళ్లీ 1999, 2004లో గెలిచారు, 2009లో ఓడిపోయారు. అయిదుసార్లు ఎమ్మెల్యేగా చేసి కూడా సైకిల్ మీదా బస్సులోనూ తిరిగిన మనిషి.

నాకు కావాల్సింది 1994, 1999 మధ్య ఏ ఊళ్లలో ఓటు తిరిగిందన్నది. ఎన్నికల సంఘం రిపోర్టుల్లో నియోజకవర్గం మొత్తానికే లెక్క ఉంటుంది. బూత్‌వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి కానీ నేను వెతికినంతలో కొత్త ఎన్నికలవే కనిపిస్తున్నాయి. 1999లో మా నాన్న పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నారు, ఆయన నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో నాలుగేసి గీతలు, వాటి మీద అడ్డగీత, అలా రెండు పేజీలు. అది ఎంతమంది ఓటేశారన్న లెక్కేగానీ ఎవరికేశారన్నది కాదు కదా.

బ్యాలెట్ పేపర్ల రోజుల ఫారం 20 కాపీలు కలెక్టరేట్‌లో ఉంచుతారా? ఇల్లెందు అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం, మరి సమాచార హక్కు దరఖాస్తు ఏ జిల్లాకి పెట్టాలి? ఇలాంటివి తెప్పించుకున్నవాళ్లు ఉంటే దరఖాస్తులో ఏమని రాశారో చెప్పండి. అప్పటి పేపర్ కటింగులు దాచుకున్నవాళ్లున్నా ఫొటో తీసి పెడితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.