వెనక రైలింజన్ బొమ్మ ఉంటే రైల్‌రోడ్ వాచీ అయినట్టేనా?

ఒహాయో శ్రీను
మా ఊరి దగ్గర ఎస్టేట్ సేల్‌లో రెండు పాత పాకెట్ వాచీలు కొన్నానండి. ఒకటి ఎల్జిన్ కంపెనీది. వెనక మూత మీద రైలింజన్ బొమ్మ చాలా అందంగా చెక్కి ఉంది, లోపల 15 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) అని ఉంది. రెండోది హామిల్టన్ కంపెనీది. నున్నటి కేస్, ఏ బొమ్మా లేదు. లోపల మోడల్ నంబర్ 992, 21 జ్యువెల్స్, అడ్జస్టెడ్ 5 పొజిషన్స్ అని ఉంది. అమ్మినావిడ రైలు బొమ్మ ఉన్నదే అసలైన రైల్‌రోడ్ వాచీ, అంటే రైల్వే ఉద్యోగులు డ్యూటీలో వాడే రకం, అని దానికే ఎక్కువ తీసుకుంది. ఇంకో టెన్షన్ ఏమిటంటే, హామిల్టన్‌కి కీ ఇస్తే నడుస్తోంది కానీ పైన బుడిపె ఎంత లాగినా టైమ్ మార్చడం కుదరట్లేదు. పాడైందంటారా?

లాంకాస్టర్ పద్మ
శ్రీను గారూ, ముందు ఆ బుడిపె లాగడం ఆపేయండి. పాడవలేదు, అది లివర్ సెట్. ముందున్న అద్దం చట్రాన్ని మెల్లగా తిప్పి విప్పండి. డయల్ అంచున, కుడివైపు పైన, చిన్న లోహపు నాలుక కనిపిస్తుంది. గోరుతో దాన్ని బయటికి లాగి, బుడిపె తిప్పితే ముళ్లు కదులుతాయి. టైమ్ పెట్టాక నాలుకను మళ్లీ లోపలికి నెట్టి అద్దం బిగించండి. కీ ఇస్తున్నప్పుడు పొరపాటున ముల్లు జరగకూడదని రైల్వేలు పట్టుబట్టి పెట్టించుకున్న ఏర్పాటు ఇది. మీరు లోపం అనుకున్నదే ఇది రైలు పనికి చేసిన వాచీ అనడానికి మంచి గుర్తు.

పాతగడియారం
1891 ఏప్రిల్‌లో మీ ఒహాయోలోనే కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒక ఇంజన్ డ్రైవర్ వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని చెబుతారు. ఆ తర్వాత లేక్ షోర్ రైల్వే క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ సి. బాల్‌ను వాచీల తనిఖీకి పెట్టుకుంది. క్రమంగా స్థిరపడిన నియమాలు ఇవి: డయల్ మీద మూత లేని ఓపెన్ ఫేస్, 16 లేదా 18 సైజు (పాకెట్ వాచీల కొలత), కనీసం 17 జ్యువెల్స్, ఐదు పొజిషన్లలో సరిచేసి ఉండాలి, తెల్ల డయల్ మీద కొట్టొచ్చినట్టు నల్ల అంకెలు, బుడిపె 12 దగ్గర, లివర్ సెట్. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. చలికీ వేడికీ, అంటే 34 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, తట్టుకోవాలి.

ఐదు పొజిషన్లంటే డయల్ పైకి, డయల్ కిందికి, నిలువుగా మూడు రకాలుగా పెట్టి చూస్తారు. జేబులో ఉన్నా బల్ల మీద ఉన్నా ఒకేలా నడవాలి కదా.

స్ప్రింగ్‌ఫీల్డ్ రవి
చిన్న సవరణ అన్నా. కిప్టన్‌కు ముందే కొన్ని రైల్వేలకు సొంత తనిఖీలు ఉన్నాయి. తర్వాత కూడా దేశమంతటికీ ఒకే రూల్ లేదు, ఏ కంపెనీ జాబితా దానిదే, అదీ ఏళ్లు గడిచేకొద్దీ మారింది. అందుకే ఒక రైల్వే ఒప్పుకున్న వాచీని ఇంకోటి ఒప్పుకోకపోవచ్చు. డయల్ మీద బాల్ అని ఉంటే బాల్ తయారుచేశాడనుకోవద్దు. హామిల్టన్, వాల్తామ్, ఎల్జిన్ లాంటి ఫ్యాక్టరీల దగ్గర చేయించి తన గుర్తు వేయించాడు.

ఇక శ్రీను గారి ఎల్జిన్ సంగతి. 15 జ్యువెల్స్ ఈ నియమాల కింద నిలవదు. అప్పట్లో ఫ్యాక్టరీలు ఎక్కువగా లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్, మాత్రమే అమ్మేవి. కేస్ వేరే కంపెనీలది. కొనేవాళ్లు షాపులో నచ్చిన కేస్ ఎంచుకుంటే అక్కడే బిగించి ఇచ్చేవారు. రైలు బొమ్మ అంటే జనానికి మోజు, రైతులూ కొనుక్కున్నారు. కాబట్టి బొమ్మ ఏమీ రుజువు చేయదు. ఎల్జిన్‌లో రైల్‌రోడ్ గ్రేడ్ కావాలంటే బి.డబ్ల్యు. రేమండ్, ఫాదర్ టైమ్, వెరిటాస్ పేర్లు వెతకండి. రేమండ్ ఆ కంపెనీ మొదటి అధ్యక్షుడు, అంతకుముందు షికాగో మేయర్.

లాంకాస్టర్ పద్మ
ఏ సంవత్సరానిదో తెలియాలంటే మూవ్‌మెంట్ మీది సీరియల్ నంబర్ చూడాలి. కేస్ మీది నంబర్‌తో పని లేదు. కేస్ లోపల '20 ఏళ్ల గ్యారంటీ' అని ఉంటే అది పైన బంగారు రేకు అతికించిన గోల్డ్ ఫిల్డ్ అని అర్థం, మొత్తం బంగారం కాదు. 'సిల్వరాయిడ్' అని ఉంటే అందులో వెండే లేదు.

కేస్ అంచున మూవ్‌మెంట్‌ను పట్టే స్క్రూల దగ్గర చూడండి. ఇప్పటి స్క్రూలకు పక్కగా పాత గీతలు కూడా ఉంటే, అందులో ఇంతకుముందు వేరే వాచీ ఉండేదన్నమాట.

ఒహాయో శ్రీను
చాలా థ్యాంక్స్ పద్మ గారూ, నాలుక దొరికింది, టైమ్ మారింది! స్క్రూ గీతలు ఒక్క చోటే ఉన్నాయి. డయల్ మీద 1 నుంచి 60 దాకా ప్రతి నిమిషానికీ అంకె ఉంది. మరి ఇది అరుదైనదేనా?

స్ప్రింగ్‌ఫీల్డ్ రవి
మంచిది, కానీ అరుదు కాదు. 992ని 1903 నుంచి 1940 దాకా లక్షల్లో చేశారు. దాని తర్వాతి 992బి 1969 దాకా వచ్చింది. మీ డయల్‌ని మాంట్‌గోమరీ డయల్ అంటారు, శాంటా ఫే రైల్వే అధికారి పేరు మీద వచ్చింది. దాన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువ కాబట్టి తర్వాత తగిలించినవీ తిరుగుతుంటాయి. పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని వెంట్రుక లాంటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

అరుదు అంటే నా దృష్టిలో ఇవి: ఇల్లినాయిస్ కంపెనీ బన్ స్పెషల్‌లో 24, 26 జ్యువెల్స్ ఉన్న 18 సైజువి, సెత్ థామస్ మెయిడెన్ లేన్, కీ ఎంత మిగిలిందో డయల్ మీదే చూపించే వైండ్ ఇండికేటర్ వాచీలు. ఇవి చేతికొస్తే మాత్రం ప్రతి భాగం అసలుదో కాదో నిపుణుడికి చూపించకుండా డబ్బు ఇవ్వకండి.

పాతగడియారం
శ్రీను తమ్ముడూ, నడుస్తోంది కదా అని రోజూ వాడకు. లోపల నూనె ఎండిపోయి ఉంటే పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) అరిగిపోతాయి. ముందు పాకెట్ వాచీలు తెలిసిన రిపేరర్‌తో విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించు. వాచీని నడిపే మెయిన్‌స్ప్రింగ్ పాత ఉక్కుదైతే కొత్త రకం మిశ్రలోహపుది వేయమను. కేస్‌ని మాత్రం పాలిష్ పట్టనివ్వకు, గోల్డ్ ఫిల్డ్ అయితే బంగారు పొర పోయి కింద ఇత్తడి బయటపడుతుంది.

కుదిరితే ఒకసారి పెన్సిల్వేనియాలో కొలంబియాకు వెళ్లు. అక్కడ వాచీలు, గడియారాలు సేకరించేవాళ్ల జాతీయ సంఘం మ్యూజియం ఉంది. ఒకప్పుడు హామిల్టన్ ఫ్యాక్టరీ ఉన్న లాంకాస్టర్ ఆ పక్కనే.

ఒహాయో శ్రీను
తప్పకుండా అన్నా. రిపేరర్ దొరికేదాకా కీ ఇవ్వను. మూవ్‌మెంట్ ఫొటోలు, సీరియల్ నంబర్ రాత్రికి పెడతాను, ఏ సంవత్సరానిదో చూసి చెప్పండి.