ర్యాంపు మనమే వేయాలా, వేయవలసినవారిచేత వేయించాలా?

కాలిబాట పరిశీలకుడు (చర్చ ప్రారంభం):
వికలాంగులైన ఇరుగుపొరుగువారికి దారులూ గుమ్మాలూ అనువుగా ఉండాలన్న ఉద్దేశంతో మేం పదకొండుమందిమి రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. తలుపుల వెడల్పు కొలవడం, మెట్ల ఎత్తు రాసుకోవడం, ఒకే మెట్టు ఉన్నచోట చెక్కతో తేలికపాటి ర్యాంపు చేసి ఇవ్వడం మా పని. కిందటి సమావేశంలో బృందం రెండుగా చీలింది. ర్యాంపులు చేయడం మానేసి, వాటిని కట్టవలసిన బాధ్యత ఎవరిదో వారిపై ఒత్తిడి తేవడానికే సమయమంతా వెచ్చించాలని ఒక పక్షం వాదిస్తోంది. ఆ ఒత్తిడి ఫలించేదాకా మనిషి గుమ్మం బయటే ఉండిపోవాలా అని రెండో పక్షం అడుగుతోంది. నేను రెండో పక్షంవాడినని ముందే చెప్పేస్తున్నాను. అయినా మొదటి పక్షం మాటను కొట్టిపారేయలేక మీ అభిప్రాయాలు అడుగుతున్నాను.

న్యాయశాస్త్ర విద్యార్థిని:
నాది మొదటి పక్షం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా 2008లో అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 9వ అధికరణం, భవనాలూ రోడ్లూ రవాణా సమాచారమూ అందరికీ అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను దాన్ని అంగీకరించిన ప్రభుత్వాల మీద పెట్టింది, స్వచ్ఛంద బృందాల దయ మీద కాదు. మీరు చెక్క ర్యాంపు తెచ్చి పెట్టిన మరుక్షణం ఆ భవన యజమాని దృష్టిలో సమస్య తీరిపోతుంది. హక్కుగా రావలసింది ఉపకారంగా వచ్చినప్పుడు, పుచ్చుకున్నవారు నమస్కారం పెట్టగలరే తప్ప అందులో లోపం ఎత్తి చూపలేరు. 1978 జులైలో అమెరికాలోని డెన్వర్ నగరంలో, వీల్‌చైర్‌తో ఎక్కడానికి వీల్లేని సిటీ బస్సులకు అడ్డంగా 19 మంది వికలాంగులు రాత్రంతా రోడ్డు మీద బైఠాయించారు. దయగలవారెవరో రోజూ తమ కార్లలో వారిని దింపివస్తూ ఉంటే, ఆ బస్సులను మార్చాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేదా?

చక్రాలమీద:
విద్యార్థిని గారూ, మీ వాదంలో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ధర్నాకు వెళ్లాలన్నా ముందు నేను మా గుమ్మం దిగాలి కదా. పద్నాలుగేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నవాడిగా నాకు వేరే అభ్యంతరం ఉంది. నేను తరచూ వెళ్లవలసిన ఒక కార్యాలయానికి కొందరు పెద్దమనసుతో ర్యాంపు వేయించారు. దాని అడుగున, నేలకు కలిసేచోట రెండు వేళ్ల మందాన అంచు మిగిలిపోయింది. కుర్చీ ముందుండే చిన్నచక్రాలు ఆ అంచుకు తగిలి ఆగిపోతాయి. వెనక్కి వచ్చి, ఊపుతో ఎక్కించి, రొప్పుతూ పైకి చేరేసరికి తలుపు నావైపే తెరుచుకుంటుంది. తలుపు లాగడానికి ఒక చెయ్యి వదలాలి, చెయ్యి వదిలితే కుర్చీ వెనక్కి జారుతుంది. ఆ ర్యాంపు మీద నిలబడి ఫొటో దిగినవారిలో వీల్‌చైర్‌లో ఉన్నవారు ఒక్కరూ లేరు. ఎవరు వేశారన్నదానికంటే, వేసేముందు ఎవరిని కూర్చోబెట్టి చూశారన్నదే నాకు ముఖ్యం.

రసమట్టం:
నేను కట్టడాల పనిలో ఉన్నాను. పైవారు చెప్పిన అవస్థ వెనుక చిన్న లెక్క ఉంది. ఒక వంతు ఎత్తుకు కనీసం పన్నెండు వంతుల పొడవు ఉండాలన్నది చాలా దేశాల నిబంధనల్లో కనిపించే కొలత. 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటే అయితే 180 సెంటీమీటర్ల ర్యాంపు సరిపోతుంది. అలాంటి మెట్లు మూడు ఉంటే 5.4 మీటర్లు కావాలి. పైన తలుపు ముందు కుర్చీ నిలవడానికీ తిరగడానికీ మరో మీటరున్నర చదునైన జాగా వదలాలి. అంటే దాదాపు ఏడు మీటర్లు. అది ఆదివారం పూట చెక్కపలకలతో అయ్యే పని కాదు. స్థలం చాలక పొడవు తగ్గించి వేసినవే మనకు కనిపించే నిటారు ర్యాంపులన్నీ. కాబట్టి ఒక్క మెట్టు వరకు బృందం చేయవచ్చు, అంతకు మించితే చేయకూడదు అన్నది నా అభిప్రాయం. కెనడాలోని టొరంటోలో 2011లో మొదలైన స్టాప్‌గ్యాప్ అనే బృందం ఒక్క మెట్టున్న దుకాణాలకే చెక్క ర్యాంపులు చేసి ఇస్తూ వచ్చింది. ఇది తాత్కాలికమేనని దాని పేరే చెబుతోంది. వాటికి కొట్టొచ్చినట్టు కనబడే రంగులు వేస్తారు, దానివల్ల అక్కడ ఒక మెట్టు అడ్డంగా ఉందన్న సంగతి దారినపోయే ప్రతివారి కంటా పడుతుంది. విద్యార్థిని గారు భయపడినట్టు సమస్య దాగిపోకుండా ఉండటానికి అదొక మార్గం.

తెల్లకర్ర:
ఇంతసేపూ చక్రాల గురించే మాట్లాడుకున్నారు. నాకు చూపు లేదు. కాలిబాట మీదికి పొడుచుకొచ్చే ర్యాంపు పక్క అంచు, పలచగా ఉన్నచోట నా కర్రకు అందదు, కాలికి అందుతుంది. ఇలా ఒకసారి బోర్లాపడ్డాను. అయినా నేను చేసేవారి పక్షమే. మా కోసం కాలిబాటల్లో పరిచే గరుకు పలకలను 1965లో తయారుచేసింది ఏ ప్రభుత్వ శాఖా కాదు, జపాన్‌కు చెందిన సెయిచి మియాకె అనే వ్యక్తి. 1967లో ఒకయామా నగరంలో వాటిని మొదటిసారి పరిచారు. నిబంధనలు ఆ తర్వాత వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారమే పరిచామంటున్న పలకలు ఈ రోజు నన్ను తిన్నగా కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్లి వదిలేసిన చోట్లు కూడా ఉన్నాయి. అధికారికంగా కట్టినంతమాత్రాన సరిగా కట్టినట్టు కాదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని:
ఒక్క మెట్టు హద్దును అంగీకరిస్తాను. అయితే ర్యాంపుతో పాటే మెట్టు ఎత్తు, అవసరమైన పొడవు, తేదీ రాసిన లేఖ యజమానికీ అనుమతులిచ్చే అధికారికీ వెళ్లాలి. చెక్క తడిసి ఎవరైనా జారిపడితే జవాబుదారీ ఎవరన్నది కూడా అందులోనే తేలాలి. ఈ రెండూ లేకపోతే నా వ్యతిరేకత అలాగే ఉంటుంది.

కాలిబాట పరిశీలకుడు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే సమావేశంలో నాలుగు షరతులు పెట్టబోతున్నాను. వాడేవారు కూర్చుని చూడకుండా ఏ ర్యాంపూ ఇవ్వకూడదు. నడిచే దారిలోకి వచ్చేదైతే పని అయ్యాక మడిచి లోపల పెట్టాలి. విద్యార్థిని గారు చెప్పిన లేఖ తప్పనిసరి. ఏడాదిలోగా యజమాని శాశ్వతమైనది కట్టకపోతే మా ర్యాంపును వెనక్కి తీసుకుంటాం. జారిపడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు.

చక్రాలమీద:
నాలుగోది కొట్టేయండి. ర్యాంపు తీసుకుపోతే యజమాని మెట్టెక్కి తన గదిలోకి వెళ్లిపోతాడు, రోడ్డు మీద మిగిలేది నేను. ఏడాది గడువును మీ లేఖలో పెట్టి, అది దాటితే ఫిర్యాదు చేయండి, సంతకం నేను పెడతాను. మొదటి షరతు కింద కూర్చుని చూడటానికి మాత్రం నన్ను పిలవండి. సాయంత్రాలైతే ఏ రోజైనా వస్తాను.