ఎస్‌డబ్ల్యూఆర్ 2.8 వస్తోంది: ట్యూనర్ కొనాలా, తీగ కత్తిరించాలా?

మేడమీదతీగ (కూకట్‌పల్లి)
అందరికీ నమస్కారం. హామ్ రేడియో జనరల్ గ్రేడ్ లైసెన్సు వచ్చాక మొదటి హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రిగ్గు, అంటే రేడియో సెట్టు, కొన్నాను, 100 వాట్లది. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మాది మూడో అంతస్తు. అసోసియేషన్ వాళ్లను బతిమాలి మేడ మీద 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్) ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారపు తీగ యాంటెన్నా) కట్టాను. లిఫ్ట్ రూము గోడకు జీఐ పైపు బిగించి, దాని కొస నుంచి రెండు వైపులా ఇంటి వైరింగు తీగే లాగాను. ఒక్కో కాలు 10 మీటర్ల 10 సెంటీమీటర్లు. మేడ పొడవు చాలక ఒక కాలు చివర వాటర్ ట్యాంకు వెనక్కి వంచాను. పైపు కొస నుంచి కిందికి 25 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ (కేబుల్ టీవీ తీగ లాంటి కేబుల్).

7.1 మెగాహెర్ట్జ్ దగ్గర మీటర్ ఎస్‌డబ్ల్యూఆర్ 2.8 చూపిస్తోంది (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 ఉంటే అసలు రానట్టు). రిగ్గు పవర్‌ని 40 వాట్లకు దించేస్తోంది. లోపలున్న ట్యూనర్ (యాంటెన్నాను రిగ్గుకు సరిపెట్టే పరికరం) ఒకసారి పట్టుకుంటుంది, ఇంకోసారి చేతులెత్తేస్తుంది. పైగా బ్యాండు నిండా ఎస్7 నాయిస్ (సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద 7). ఒక సీనియర్ "బయట పెద్ద ట్యూనర్ పెట్టు, గొడవ వదిలిపోతుంది" అన్నారు. ఇంకొకరు "ట్యూనర్ అంటే రిగ్గును మోసం చేయడమే" అన్నారు. ఎవరి మాట వినాలి?

పాతవాల్వు (వరంగల్)
రెండో ఆయన మాట. ట్యూనర్ యాంటెన్నాను ట్యూన్ చేయదు నాయనా. రిగ్గుకు కావలసిన 50 ఓమ్‌ల ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) కనబడేలా చేస్తుంది, అంతే. పైన తీగ ఎలా ఉందో అలాగే ఉంటుంది. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే, పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టరు) తగిలించండి, ఎస్‌డబ్ల్యూఆర్ 1 వస్తుంది. దాంతో మియాపూర్ దాకా కూడా మాట్లాడలేరు.

మీ కాలి పొడవు చూస్తేనే సంగతి తెలుస్తోంది. అరతరంగ యాంటెన్నా సూత్రం ప్రకారం 143ని 7.1తో భాగించి 20 మీటర్ల చిల్లర వచ్చిందని సగం చేసి కట్టారు కదా? ఆ లెక్క ఒట్టి తీగకు. పీవీసీ తొడుగున్న తీగ అదే పొడవులో ఇంకా కింది ఫ్రీక్వెన్సీకి రెజొనేట్ అవుతుంది (శ్రుతి కలుస్తుంది). మూడు నాలుగు శాతం తేడా మామూలే. ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీకి ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో చూపే పరికరం) ఎవరిదగ్గరైనా అప్పు తెచ్చుకుని ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా ఎక్కడ తక్కువుందో చూడండి. 7 కిందే ఉంటుంది. ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు తగ్గిస్తే 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. కత్తెర వేయొద్దు, చివర్లను మడిచి అదే తీగకు చుట్టండి. ఎక్కువ తగ్గిందనిపిస్తే మళ్లీ విప్పుకోవచ్చు.

సోల్డర్‌పొగ (బెంగళూరు)
తీగ సరిచేయమనడం వరకు ఓకే. కానీ "మోసం" అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. లెక్క వేద్దాం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 25 మీటర్ల ఆర్‌జీ-58 తినేది సుమారు 1 డెసిబెల్ (పవర్ హెచ్చుతగ్గుల కొలత). రిగ్గు దగ్గర 2.8 ఉందంటే పైన యాంటెన్నా దగ్గర దాదాపు 4 ఉంటుంది (కేబుల్ నష్టం వల్ల మీటర్‌కు తక్కువ కనిపిస్తుంది). ఆ 4తో కలిపి లెక్కేస్తే కేబుల్‌లో మొత్తం నష్టం 1.8 డెసిబెల్. అంటే ట్యూనర్ పెట్టి 100 వాట్లు పంపితే పైకి 66 చేరతాయి. ఎస్‌డబ్ల్యూఆర్ 1 చేసి పంపినా చేరేది 79. అవతలి మనిషి చెవికి ఈ తేడా వినబడనే వినబడదు. ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్, ఇక్కడ మనం కొట్టుకుంటున్నది 0.8 కోసం.

వెనక్కి వచ్చిన పవర్ అంతా రిగ్గులో కాలిపోతుందన్నది కూడా నిజం కాదు. ట్యూనర్ దాన్ని మళ్లీ పైకే తిప్పి పంపుతుంది. మళ్లీ మళ్లీ తిరిగే కొద్దీ కేబుల్ కొంత తింటుంది, అదే నష్టం.

ఇంకో మాట గురువుగారూ, కోపం తెచ్చుకోకండి. మీ వాల్వు రిగ్గులో ప్లేట్, లోడ్ అని రెండు నాబ్‌లు తిప్పి మీటర్ డిప్ చూసేవారు. అది π ఆకారపు మ్యాచింగ్ సర్క్యూటు, పై-నెట్‌వర్క్. ట్యూనర్ కాకపోతే మరేమిటది?

పాతవాల్వు (వరంగల్)
కోపమెందుకు, నిజమే. కానీ ఆ నాబ్‌లు తిప్పేవాడికి పైన ఏం జరుగుతోందో తెలిసేది. లోడ్ నాబ్ నిన్నటి చోటు కాకుండా ఇంకెక్కడో ఆగితే పైన ఏదో తేడా వచ్చిందని లెక్క. ఆటో ట్యూనర్ టకటకమని రిలేలు కొట్టుకుని 1.1 చూపించి ఊరుకుంటుంది.

మా పక్క వీధిలో ఒకాయన వానాకాలం మొత్తం ట్యూనర్‌తో నెట్టుకొచ్చాడు. "ఈ మధ్య కండిషన్లు బాగోలేవు" అంటుంటే నేనే వెళ్లి పైన పీఎల్-259 కనెక్టర్ విప్పాను. లోపల్నుంచి నీళ్లు కారాయి. మధ్య పిన్ను చుట్టూ తెల్లని ఇన్సులేషన్ మీద ఆకుపచ్చ చిలుము. పై తొడుగు రెండు మూడు అడుగుల దాకా చీల్చి చూస్తే లోపలి జడ (అల్లిన తీగల పొర) మెరవాల్సింది పోయి బొగ్గులా నల్లబడింది. అంత పాడైన కేబుల్ కూడా మీటర్‌కు బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే వెళ్లేదీ తినేస్తుంది, తిరిగొచ్చేదీ తినేస్తుంది.

సోల్డర్‌పొగ (బెంగళూరు)
అది ట్యూనర్ తప్పు కాదు, కనెక్టర్‌కు టేపు చుట్టని మనిషి తప్పు. ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువుంటే యాంటెన్నా బాగున్నట్టు కాదని మాత్రం ఒప్పుకుంటా. రెండు మీటర్ల బ్యాండులో ఇంకా తమాషా. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఆర్‌జీ-58 దాదాపు 4 డెసిబెల్ తింటుంది. పైన యాంటెన్నా ఊడిపోయి కేబుల్ గాల్లో వేలాడుతున్నా కింద మీటర్ 2.3 దగ్గరే ఆగుతుంది. "కొంచెం ఎక్కువుందే" అనుకుని పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కుతూనే ఉంటారు.

విశాఖతీరం (విశాఖపట్నం)
సిద్ధాంతం పక్కన పెట్టండి తమ్ముళ్లూ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మా ఊరి మీదుగా పోయాక కరెంటు లేదు, సెల్‌ఫోన్లు లేవు, చెట్టన్నది నిలబడి లేదు. అలాంటప్పుడు ఎనలైజర్‌తో 10 సెంటీమీటర్లు అటూ ఇటూ మడుస్తూ కూర్చుంటామా? దొరికిన తీగ దొరికిన గోడకు కట్టి, ట్యూనర్ తిప్పి గాల్లోకి వెళ్లాలి. నా కిట్‌లో చేత్తో తిప్పే చిన్న ట్యూనర్ ఎప్పుడూ ఉంటుంది, తీయను.

మేడమీదతీగ గారూ, మీకో ప్రశ్న. పవర్ తగ్గడానికి ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కటే కారణమని ఎలా తేల్చారు? ముందు డమ్మీ లోడ్ మీద రిగ్గు 100 ఇస్తోందో లేదో చూడండి. 100 వాట్ల రిగ్గు ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్లు లాగుతుంది. సప్లై దగ్గర 13.8 వోల్టులు ఉంటే సరిపోదు, రిగ్గు వెనక పిన్నుల దగ్గర పీటీటీ నొక్కి కొలవాలి.

డల్లాస్‌డైపోల్ (టెక్సాస్)
ఇక్కడ మా కాలనీ హోమ్ ఓనర్స్ అసోసియేషన్ రూల్స్ చూస్తే మీ అసోసియేషన్ వాళ్ల కాళ్లకు దండం పెడతారు. బయట కంటికి కనబడే యాంటెన్నా వద్దంటారు. 1985లో ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) హామ్ యాంటెన్నాల కోసం ఇచ్చిన పీఆర్‌బీ-1 ఉత్తర్వు మునిసిపాలిటీల నిబంధనలకు పనికొస్తుంది కానీ ఇల్లు కొన్నప్పుడు మనం సంతకం పెట్టిన ప్రైవేటు ఒప్పందాలకు పనికిరాదు. అందుకే నాది అటకలో ఎండ్-ఫెడ్ (ఒక కొసన కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా), 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో.

ట్యూనర్ ఉండాలా వద్దా అని కాదు, ఎక్కడుండాలి అని అడగాలి. రిమోట్ ట్యూనర్‌ను యాంటెన్నా మొదట్లో పెడితే కేబుల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు 1 అవుతుంది, సోల్డర్‌పొగ గారు చెప్పిన ఆ అదనపు నష్టమూ ఉండదు. ఖరీదు మాత్రం వాయిస్తుంది.

బెజవాడబీకన్ (విజయవాడ)
0.8 డెసిబెల్ కోసం ఇంత యుద్ధం జరుగుతుంటే ఎస్7 నాయిస్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? అవతలి స్టేషన్ ఎస్5తో వస్తే మీకు ఎస్‌డబ్ల్యూఆర్ 1 ఉన్నా వినబడదు. ట్యూనర్ సిగ్నల్‌నీ నాయిస్‌నీ కలిపే పెంచుతుంది, కలిపే తగ్గిస్తుంది.

రెండు ప్రశ్నలు.
మధ్యలో చోక్ బాలన్ (కోయాక్స్ బయటి పొర మీద కరెంటు పారకుండా ఆపేది) ఉందా, కోయాక్స్ నేరుగా తీగకు టంకం పెట్టారా? నేరుగా పెడితే కోయాక్స్ పై జడ మూడో కాలిగా పనిచేస్తుంది. అది ఐదో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా ప్రతి ఫ్లాటు ఎల్ఈడీ డ్రైవర్‌నూ ఇన్వర్టర్‌నూ పలకరిస్తూ దిగుతుంది.
రెండోది, లిఫ్ట్ రూము గోడకే పైపు బిగించానన్నారు. లిఫ్ట్‌కు వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె, నాయిస్ పుట్టిస్తుంది) ఉందా?

రిగ్గును బ్యాటరీ మీద పెట్టి మీ ఫ్లాటు మెయిన్ ఆపండి. నాయిస్ ఎంత పడిందో చూడండి. తర్వాత ఎవరినైనా లిఫ్ట్‌లో పైకీ కిందికీ తిప్పి ఎస్ మీటర్ చూడండి.

మేడమీదతీగ (కూకట్‌పల్లి)
అందరికీ థాంక్స్. మీరు చెప్పినవన్నీ చేశాను.

విశాఖ అక్కగారి డమ్మీ లోడ్ పరీక్ష ముందు పెట్టాను. డమ్మీ మీద కూడా 85 వాట్లే. సప్లై దగ్గర 13.8 ఉంది, రిగ్గు వెనక మాత్రం ట్రాన్స్‌మిట్‌లో 12.7కి పడిపోతోంది. షాపతను ఇచ్చిన తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ మార్చాక 100 వచ్చింది.

నానోవీఎన్ఏ ఎనలైజర్ అప్పు తెచ్చి చూస్తే గురువుగారు చెప్పినట్టే ఎస్‌డబ్ల్యూఆర్ డిప్ (అన్నిటికన్నా తక్కువ చోటు) 6.82 దగ్గరుంది. ఒక్కో వైపు 40 సెంటీమీటర్లు మడిచాను. ఇప్పుడు 7.1 దగ్గర 1.4. ట్యూనర్ లేకుండానే ఫుల్ పవర్ పోతోంది.

నాయిస్ సంగతి: మా మెయిన్ ఆపితే ఎస్7 కాస్తా ఎస్6 అయింది, అంతే. లిఫ్ట్ కదిలితే మాత్రం బ్యాండు మొత్తం బుర్రుమంటూ ఎస్9 దాటుతోంది, ఆగితే తగ్గుతోంది. బాలన్ లేదు, నేరుగా టంకమే.

తీగ సరిచేశాక విజయవాడ స్టేషన్ ఒకాయన "నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా లేదు" అన్నారు. ఇక 20 మీటర్ల బ్యాండులోకి కూడా రావాలనుంది. ఇదే తీగ మీద ట్యూనర్‌తో 14 మెగాహెర్ట్జ్ నడుస్తుందా?

సోల్డర్‌పొగ (బెంగళూరు)
తేడా లేదనడం సహజమే. 40 నుంచి 100 వాట్లంటే 4 డెసిబెల్, ఒక ఎస్ యూనిట్ కూడా కాదు. ఫేడింగ్‌లో కలిసిపోతుంది. తేడా నిజంగా కొలవాలంటే డబ్ల్యూఎస్‌పీఆర్ (మన సిగ్నల్‌ను ఎవరు ఎంత బలంగా విన్నారో ఇంటర్నెట్‌లో చూపే డిజిటల్ పద్ధతి) పెట్టి రెండు రకాలుగా మార్చి మార్చి పంపండి, ఒకే స్టేషన్ ఇచ్చిన రిపోర్టులను పోల్చండి. చెవి నమ్మొద్దు.

14కి మాత్రం ట్యూనర్ పెట్టి తోయకండి. ఇది నేను చెబుతున్నా, గురువుగారు కాదు. 7కి అరతరంగమైన తీగ 14కి పూర్తి తరంగం. మధ్యలో ఇంపీడెన్స్ వేల ఓమ్‌లకు ఎగబాకుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 60 అనుకుంటే మీ 25 మీటర్ల ఆర్‌జీ-58లో నష్టం 10 డెసిబెల్. 100 వాట్లలో పైకి చేరేది పదో వంతు, మిగతాది కేబుల్‌ను వేడి చేస్తుంది.

పాతవాల్వు (వరంగల్)
ఆ పదో వంతు చేరుతున్నప్పుడు మీ ట్యూనర్ మీటర్ ఏం చూపిస్తుందో కూడా చెప్పండి.

సోల్డర్‌పొగ (బెంగళూరు)
1.1 చూపిస్తుంది. అది మీకే ఇచ్చేశా. కానీ కోయాక్స్ తీసేసి ల్యాడర్ లైన్ (రెండు తీగలు నిచ్చెనలా సమాంతరంగా పోయే లైను) వేస్తే అదే ట్యూనర్, అదే తీగ, 14 మీద నష్టం డెసిబెల్‌లో చిన్న ముక్క. కాబట్టి తప్పు ట్యూనర్‌ది కాదు, కేబుల్‌ది. ఈ మాట మీద నేను కదలను.

పాతవాల్వు (వరంగల్)
అపార్ట్‌మెంటులో ల్యాడర్ లైన్ మూడు అంతస్తులు గోడకు, పైపులకు తగలకుండా దించేదెవరు? కాగితం మీద బాగుంటుంది. అదే ఫీడ్‌పాయింట్ (కేబుల్ తీగకు తగిలే చోటు) నుంచి 14కి ఇంకో జత కాళ్లు కట్టండి, ఒక్కోటి 4 మీటర్ల 85 దగ్గర మొదలుపెట్టి ఎనలైజర్‌తో సరిచేయండి. మేడ మీద సులువుగా పడుతుంది, ట్యూనర్ అక్కర్లేదు. పైగా 7 మెగాహెర్ట్జ్ కాళ్లే 21 మీద మూడో హార్మోనిక్‌గా (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) పనిచేస్తాయి. అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ కాస్త ఎక్కువుంటే రిగ్గు లోపలి ట్యూనర్ సరిపోతుంది. దాన్ని వాడుకోండి, నేనేమీ అనను.

విశాఖతీరం (విశాఖపట్నం)
అన్నారుగా! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

బెజవాడబీకన్ (విజయవాడ)
మీ పంచాయితీ మీరు చూసుకోండి. మేడమీదతీగ గారూ, ఆ కాళ్లు కట్టేముందే రెండు పనులు. ఫీడ్‌పాయింట్ దగ్గర చోక్ పెట్టండి: 31 మిక్స్ (ఫెర్రైట్‌లో ఒక రకం) పెద్ద ఫెర్రైట్ రింగు మీద పది పన్నెండు చుట్లు కోయాక్స్. కోఠి గుజరాతీ గల్లీలో రింగులు దొరుకుతాయి కానీ మిక్స్ ఏమిటో అడిగితే మొహం చూస్తారు. నానోవీఎన్ఏ చేతిలో ఉన్నప్పుడే చుట్టి, 7 దగ్గర ఎంత అడ్డుతోందో కొలవండి. నాలుగైదు వేల ఓమ్‌లు వస్తే సంతోషం. వెయ్యి లోపుంటే ఆ రింగు పక్కన పడేయండి.

పైపును లిఫ్ట్ రూము నుంచి ఎదురు మూల పిట్టగోడకు మార్చగలరేమో చూడండి. ఎత్తు ఒకటి రెండు మీటర్లు తగ్గినా పర్లేదు, బిల్డింగు ఎత్తు ఎలాగూ ఉంది.

మేడమీదతీగ (కూకట్‌పల్లి)
చోక్ ఈ ఆదివారం చుడతాను. పైపు మార్చాలంటే మళ్లీ సెక్రటరీ గారి దగ్గరికెళ్లాలి. మొన్న నా కోసం లిఫ్ట్‌లో పైకీ కిందికీ తిరిగిన పిల్లాడు వాళ్లబ్బాయే, లైసెన్సు పరీక్షకు ఏం చదవాలని అడుగుతున్నాడు. అతనితోనే చెప్పిస్తా.