బజారును వెక్కిరించే కళను ఆ బజారే కొంటే, వెక్కిరింతకు విలువ మిగిలినట్టేనా?

నీలిసిరా:
2019 డిసెంబరులో మయామీ బీచ్‌లో జరిగిన ఆర్ట్ బాసెల్ అనే కళాకృతుల సంతలో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించి, దానికి 'కమెడియన్' అని పేరు పెట్టారు. అది లక్షా 20 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. డేవిడ్ దతూనా అనే మరో కళాకారుడు అందరూ చూస్తుండగా ఆ పండు ఒలుచుకుని తినేసి, ఇది నా ప్రదర్శన అన్నారు. గ్యాలరీవారు ఇంకో పండు తెచ్చి అంటించారు. కొన్నవారికి దక్కేది ధ్రువపత్రమే కాబట్టి ఎవరికీ నష్టం లేదు. 2024 నవంబరులో సోథెబీస్ అనే వేలం సంస్థ న్యూయార్క్‌లో జరిపిన వేలంలో అదే కృతికి 62 లక్షల డాలర్లు వచ్చాయి. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ కూడా పండు తిన్నారు, కెమెరాల ముందు.

నా వాదన ఇదే: కళా వ్యాపారాన్ని ఎగతాళి చేసే ప్రదర్శనలు చివరికి దానికే ఉచిత ప్రచారం అవుతున్నాయి. కాదనేవారు ఉదాహరణ చూపించండి.

మట్టిబొమ్మ:
చూపిస్తాను. అమ్ముడుపోయిందా లేదా అనే లెక్క పక్కన పెట్టి, అమ్మకం షరతులు ఎవరు రాశారో చూడండి. ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లైన్ 1959 నుంచి శూన్యాన్నే, అంటే ఏమీ లేని ఖాళీ చోటునే, అమ్మకానికి పెట్టాడు. ధర బంగారంలో చెల్లించాలి. కొన్నవారికి ఒక రసీదు ఇచ్చేవాడు. ఆ శూన్యం పూర్తిగా సొంతం కావాలంటే వారు ఆ రసీదును కాల్చేయాలి. అప్పుడు క్లైన్ సాక్షుల ఎదుట సగం బంగారాన్ని నదిలో పారేసేవాడు. 1962లో ఇటలీ రచయిత దీనో బుజ్జాటి సేన్ నది ఒడ్డున నిలబడి తన రసీదును నిజంగానే కాల్చాడు. చేతిలో కాగితం ముక్క కూడా మిగల్చుకోలేదు కాబట్టే ఆ కృతి ఆయన సొంతమైంది.

మరి 2022లో సోథెబీస్ పారిస్ వేలంలో పది లక్షల యూరోలు దాటిన రసీదు ఎవరిది? కాల్చకుండా దాచుకున్న మరొకరిది. క్లైన్ నియమం ప్రకారం అది సగంలో ఆగిపోయిన కొనుగోలు. అంత డబ్బు పోసి బజారు కొనగలిగింది దాన్నే. బుజ్జాటి కాల్చినదాన్ని ఈరోజుకీ ఎవరూ వేలం వేయలేరు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

తెరవెనుక:
క్లైన్ పారేసింది తనకు వచ్చిన బంగారం. డెన్మార్క్ కళాకారుడు యెన్స్ హానింగ్ సంగతి అలా కాదు. 2021లో డెన్మార్క్‌లోని కున్‌స్టెన్ మ్యూజియం నోట్లు అతికించిన ఆయన పాత కృతులను మళ్లీ తయారు చేయడానికి, వాటిలో అతికించే నోట్లుగా 5,32,000 క్రోనర్లు ఇచ్చింది. ఆయన రెండు ఖాళీ ఫ్రేములు పంపి, 'డబ్బు తీసుకుని పారిపో' అని పేరు పెట్టారు. 2023లో కోర్టు 4,92,549 క్రోనర్లు తిరిగి చెల్లించమంది. మ్యూజియం సొమ్ముతో చేసే తిరుగుబాటును నేను సమర్థించలేను.

మట్టిబొమ్మ:
తెరవెనుక గారూ, డబ్బు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ ప్రదర్శన అంశమే శ్రమ. ఆ పాత కృతుల్లో నోట్లు అతికించినది సగటు వార్షిక ఆదాయం ఎంతో కళ్లకు కట్టడానికి. వాటిని మళ్లీ తయారు చేయడానికి చేతి డబ్బు పడుతోందన్న ఆయన ఫిర్యాదును దొంగతనం అని కొట్టిపారేయకండి.

నీలిసిరా:
క్లైన్ సరే. ఎవరో తెలియకుండా వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్యాంక్సీ మాటేమిటి? 2018లో లండన్ వేలంలో సుత్తి పడగానే, ఫ్రేములో ఆయన ముందే దాచిన చింపే యంత్రంలోంచి బొమ్మ ముక్కలై కిందికి జారింది. అప్పటి ధర పది లక్షల పౌండ్ల పైచిలుకు. సగం చిరిగిన అదే బొమ్మ 2021లో కోటీ 85 లక్షల పౌండ్లు పలికింది. చింపడమే దాని విలువను పెంచింది.

పక్కచూపు:
మయామీ నుంచి లండన్ దాకా ఎవరి సరదా ఇది? 2024 వేలానికి తెచ్చిన అరటిపండును వేలంశాల బయట పండ్ల బండిలో 35 సెంట్లకు కొన్నారు. అమ్మిన ముసలాయన దాని ధర తెలిసి కన్నీళ్లు పెట్టుకున్నాడని పత్రికలు రాశాయి. ఈ చర్చలో ఆయన కూడా ఉండాలి.

మట్టిబొమ్మ:
ఉండాలి, తప్పకుండా. వేలంశాలలో జరిగే తిరుగుబాటు మీద నాకూ నమ్మకం లేదు, లండన్ ఉదాహరణ మీకే వదిలేస్తాను. అదే బ్యాంక్సీ 2013 అక్టోబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గర తన బొమ్మలను ఒక వృద్ధుడి చేత, పేరు చెప్పకుండా, ఒక్కొక్కటి 60 డాలర్లకు అమ్మించాడు. ఒకావిడ బేరమాడి పిల్లల కోసం రెండింటిని సగం ధరకే తీసుకెళ్లింది. రోజంతా కలిపి వచ్చింది 420 డాలర్లు. పేరు తీసేస్తే బొమ్మ ఎంత పలుకుతుందో ఆ రోజు అందరికీ తెలిసిపోయింది.

నీలిసిరా:
ఆ ప్రయోగం చేయడానికైనా ముందు పేరు ఉండాలి కదా. గ్యాలరీ, వేలం, మ్యూజియం అంగీకారం లేకుండా ఎవరైనా చేశారా?

మట్టిబొమ్మ:
అమెరికా కళాకారుడు డేవిడ్ హామన్స్ చేశాడు. 1983 చలికాలంలో న్యూయార్క్ కూపర్ స్క్వేర్‌లో, పాత సామాను అమ్ముకునేవారి పక్కన గుడ్డ పరిచి, మంచు ఉండలను సైజుల వారీగా వరుసలు పేర్చి అమ్మాడు. చిన్న ఉండకు ఒక ధర, పెద్దదానికి ఇంకో ధర. ఏ సంస్థనూ అడగలేదు. కొన్నవారు దాన్ని దాచుకోలేరు, మళ్లీ అమ్ముకోలేరు. మ్యూజియాల్లో ఇప్పుడు కనిపించేవి ఆ రోజు తీసిన ఫొటోలు. వాటికి ధర కట్టుకోవచ్చు గానీ, ఆ ఉండల్లో ఒక్కటి కూడా ఏ వేలంశాలకూ చేరదు.