పైవారికి ముద్దు, కిందివారికి గండం: ఇటువంటి అధికారుల కింద పనిచేసినవారు అనుభవాలు చెప్పండి

మధురవాడ టెస్టర్:
రుషికొండ ఐటీ కొండ మీద ఒక సంస్థలో ఆరేళ్లు పనిచేశాను. మా డెలివరీ హెడ్ మాట్లాడితే క్లయింట్లు మంత్రముగ్ధులయ్యేవారు. మా బృందంలోని ఒక అమ్మాయి రాత్రింబవళ్లు కూర్చుని పట్టుకున్న లోపాన్ని ఆయన తానే పట్టుకున్నట్టు యాజమాన్యానికి చెప్పారు; మరుసటి నెలలో గడువు తప్పినప్పుడు మాత్రం బాధ్యుల జాబితాలో ఆ అమ్మాయి పేరే మొదట రాశారు. పదకొండుమందిలో ఏడుగురం ఏడాదిన్నరలో బయటపడ్డాం. యాజమాన్యం దృష్టిలో ఆయన నేటికీ ఆణిముత్యమే.

సీతమ్మధార మనస్తత్వ విద్యార్థి:
అహంమోహం (నార్సిసిజం, అంటే తనంతటివారు లేరనుకోవడం), కుటిలనీతి (మాకియవెలియనిజం, అంటే ఎత్తుగడలతో ఇతరులను వాడుకోవడం), జాలి లేని సైకోపతి అనే మూడు లక్షణాలను కలిపి పాల్‌హస్, విలియమ్స్ అనే మనస్తత్వ పరిశోధకులు 2002లో ‘డార్క్ ట్రయాడ్’ (చీకటి త్రయం) అన్నారు. ఇక్కడ ఇవి రోగాల పేర్లు కావు. మామూలు మనుషుల్లోనే ఎక్కువ తక్కువలుగా కనిపించే స్వభావాలు. బాబియాక్, హేర్, న్యూమన్ 2010లో 203 మంది కార్పొరేట్ ఉద్యోగులపై వెలువరించిన పరిశోధనలో, సైకోపతి స్కోరు హెచ్చుగా ఉన్నవారికి మాటతీరులోను, వ్యూహరచనలోను సంస్థలు మంచి మార్కులే వేశాయి. నలుగురితో కలిసి పనిచేయడంలో, నిర్వహణలో, సాధించిన ఫలితాలలో మాత్రం మార్కులు తగ్గాయి. మీ డెలివరీ హెడ్‌గారిని చూసే రాశారా అనిపిస్తుంది.

గాజువాక అకౌంటెంట్:
కోపిష్టులను కూడా ఈ గాటన కట్టవద్దని మనవి. ఆటోనగర్‌లో నా మొదటి యజమానికి నోటి మీద అదుపు ఉండేది కాదు. అయినా 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయి పని నిలిచిపోయినప్పుడు ఆయన ఎవరి జీతమూ ఆపలేదు. రెండో యజమాని ‘తమ్ముడూ’ అని తప్ప పిలిచేవారు కాదు. తప్పుడు బిల్లులు నోటిమాటగా రాయమనేవారు, సంతకం నన్ను పెట్టమనేవారు, ఆడిటర్ అడిగితే తనకేమీ తెలియదనేవారు. ‘మీరు చెప్పిన ప్రకారం’ అంటూ ప్రతి ఆదేశాన్నీ తిరిగి ఆయనకే మెయిల్ చేయడం మొదలుపెట్టాక ఆ తమ్ముడి పిలుపు ఆగిపోయింది. ఆ పిలుపు పోయినందుకు నాకేమీ బాధ కలగలేదు.

సీతమ్మధార మనస్తత్వ విద్యార్థి:
అహంమోహం గురించి మరొక్క మాట. చటర్జీ, హాంబ్రిక్ 2007లో 111 మంది కంప్యూటర్ సంస్థల సీఈవోలను పరిశీలిస్తూ, వార్షిక నివేదికలో వారి ఫోటో ఎంత పెద్దదో, మాటల్లో ‘నేను’ ఎన్నిసార్లు వస్తుందో కూడా లెక్కగట్టారు. అహంమోహం ఎక్కువైనచోట ఇతర సంస్థల భారీ కొనుగోళ్లు, భారీ లాభాలు, అంతే భారీ నష్టాలు కనిపించాయి. సగటున చూస్తే మిగిలినవారి కంటే ఒరిగిందీ లేదు, తరిగిందీ లేదు. అయితే టెస్టర్‌గారూ, వెళ్లిపోయిన ఏడుగురిలో ఒక్కరైనా అసలు కారణం రాసి ఇవ్వలేదా?

మధురవాడ టెస్టర్:
లేదండి. నాతో సహా అందరమూ ‘వ్యక్తిగత కారణాలు’ అనే రాశాం. రిలీవింగ్ లెటర్ మీద సంతకం పెట్టవలసింది ఆయనే.